ఇంటి వస్తువుల్లోని రసాయనాల నుంచి గుండెను కాపాడుకోవడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లకు ఒక ఆచరణ క్రమం

గుండె జబ్బు మాట రాగానే మనకు ఉప్పు, నూనె, సిగరెట్టు, బీపీ, షుగరు గుర్తుకు వస్తాయి. అలా గుర్తుకు రావడం సబబే, ఎందుకంటే గుండెపోటుకు దారితీసే కారణాలలో ఈనాటికీ పెద్ద వాటా వాటిదే. ఈ వ్యాసం చదివి ఎవరైనా బీపీ మాత్ర మానేసి, ప్లాస్టిక్ డబ్బాలు పారేయడమే వైద్యమనుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. మాత్రలు వేసుకుంటూనే, నడక సాగిస్తూనే, దానికి తోడుగా ఇంట్లో ఏం సరిచేసుకోవాలన్నదే ఇక్కడి విషయం. రోజూ వాడే వస్తువుల నుంచి వెలువడే కొన్ని రసాయనాలు రక్తనాళాలను, రక్తపోటును, గుండె లయను దెబ్బతీయగలవని వైద్యరంగం ఇప్పుడు గట్టిగానే చెబుతోంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో విడుదల చేసిన ప్రకటన సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అనే మూడింటినీ గుండె జబ్బుల ముప్పును పెంచే లోహాలుగా పేర్కొన్నది.

అన్ని రసాయనాల మీదా రుజువులు ఒక్క తీరుగా లేవు. పొగ విషయంలోనూ, సీసం విషయంలోనూ రుజువు బలంగా ఉంది. ప్లాస్టిక్ విషయంలో ఇప్పటి వరకు తేలింది సంబంధమే తప్ప, ఇదే కారణమని తేల్చి చెప్పగలిగే దశ ఇంకా రాలేదు. కొన్ని వస్తువులేమో నెమ్మదిగా కాక, ఒక్కసారిగా ప్రాణం మీదికి తెస్తాయి. అందుచేత ఖర్చు తక్కువగా, ఫలితం ఎక్కువగా ఉండే పనులను ముందు పెట్టి ఈ క్రమాన్ని రాశాను. అన్నీ ఒకే వారంలో చేయలేకపోయినా, మొదటి రెండు పనులను మాత్రం ఈ వారమే మొదలుపెట్టమని మనవి.

మొదటి పని: పడకగదిలో పొగ లేకుండా చేయడం

చుట్టూ వరి మళ్లు, చెరువులు, కాలువలు ఉన్న నెల్లూరు ప్రాంతంలో దోమల బాధ ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. సాయంత్రం తలుపులూ కిటికీలూ మూసి, మంచం కింద కాయిల్ వెలిగించి, తెల్లవారే దాకా ఆ గదిలోనే పిల్లలనూ పెద్దలనూ పడుకోబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. చైనా, మలేసియా దేశాలలో అమ్మే కాయిల్స్‌ను పరీక్షించి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినప్పుడు వెలువడే ధూళితో సమానమని లెక్కగట్టింది. ఈ సన్నటి ధూళి ఊపిరితిత్తుల లోతుకు చేరి, రక్తనాళాల లోపలి పొరలో వాపును కలిగిస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఇంటి లోపలి పొగ వల్ల, అందులోనూ ముఖ్యంగా కట్టెలు, బొగ్గు, పిడకల పొయ్యి వల్ల, 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మరణాలు సంభవించాయని, వాటిలో 32 శాతం గుండె రక్తనాళాల జబ్బువేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగను ఊపిరితిత్తుల సమస్యగానే చూడడం మనకు అలవాటైపోయింది గాని, దాని దెబ్బ గుండెకూ అంతే తగులుతుంది.

కాయిల్ స్థానంలో దోమతెర కట్టండి. ఒక మంచానికి సరిపడే తెర ఖర్చు కొన్ని నెలల కాయిళ్ల ఖర్చుకు మించదు. కిటికీలకు జాలీ బిగించండి. వారానికి ఒకరోజు తొట్లు, కూలర్లు, పూలకుండీల కింద పళ్లాలు ఖాళీ చేసి ఆరబెట్టండి. మన రాష్ట్రంలో ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రై డే అని చెప్పేది ఇందుకే. తప్పనిసరై కాయిల్ వెలిగించవలసి వస్తే, పడుకోవడానికి గంట ముందు ఖాళీ గదిలో వెలిగించి, ఆర్పేసి, తలుపులు తీసి గాలి ఆడనిచ్చాకే లోపలికి వెళ్లండి. దోమలను చంపుతుందని చెప్పి రోడ్డు పక్కన విడిగా అమ్మే అగరుబత్తీలను కొనకండి. పెట్టె మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేని బత్తిలో ఏ మందు కలిపారో మనకు తెలిసే మార్గం లేదు.

పూజగదిలో అగరుబత్తి, సాంబ్రాణి వద్దని నేను అనడం లేదు. సింగపూరులో అరవై వేలకు పైగా చైనీయులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, ఇంట్లో నిత్యం ధూపం వేసేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు సుమారు 12 శాతం ఎక్కువగా కనిపించింది కాబట్టి, దీపం వెలిగించి, ఒక్క బత్తితో సరిపెట్టి, ఆ కాసేపు కిటికీ తీసి ఉంచమని మాత్రమే నా సూచన. బాలింత గది సంగతి వేరు. తలుపులు మూసి, కుంపట్లో బొగ్గులు రాజేసి, మంచం కింద పెట్టి తల్లికీ పసికందుకూ సాంబ్రాణి పొగ పట్టే ఆచారం ఇంకా ఉన్న ఇళ్లలో, పెద్దవారు ఎంత ప్రేమతో చేసినా, ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోటును అది ఆక్రమించి, గుండెకూ మెదడుకూ ఊపిరి అందకుండా చేస్తుంది. "అమ్మా, తల ఆరడానికి ఎండ చాలు, కుంపటి వద్దు" అని ఇంట్లో ఒకరు గట్టిగా చెప్పాలి.

కట్టెల పొయ్యి ఉన్నవారు దానిని పెరట్లోకి మార్చుకోండి. అంతకన్నా ముఖ్యంగా, నిప్పు త్వరగా అంటుకుంటుందని పొయ్యిలో ప్లాస్టిక్ కవర్లు పెట్టే అలవాటును ఈ రోజే ఆపండి. కొబ్బరి పీచు గాని, ఎండు కొబ్బరి మట్ట గాని అదే పని చేస్తుంది.

రెండవ పని: వేడినీ, పులుపునూ, నూనెనూ ప్లాస్టిక్‌కు దూరంగా ఉంచడం

కర్రీ పాయింట్ దగ్గర నిలబడి ఒక్కసారి గమనించండి. పొగలు కక్కే పులుసును గరిటెతో పల్చటి కవరులో పోసి, మూతి మెలిపెట్టి ముడివేయగానే కవరు ఆవిరికి ఉబ్బి మెత్తబడుతుంది. ఇంటికి వచ్చేసరికి లోపలి గోడకు ఎర్రటి నూనె అంటుకొని ఉంటుంది, ఎంత కడిగినా ఆ రంగు పోదు. నూనె ప్లాస్టిక్‌లోకి దిగిందంటే, ప్లాస్టిక్‌లోనిది కూడా నూనెలోకి దిగే వీలుందన్నమాట. పొలం కూలీలకూ, బేల్దారి పనివారికీ టీని కవరులో కట్టి పంపడం కూడా ఇలాంటిదే.

ఇందులో రెండు వేర్వేరు విషయాలున్నాయి. మొదటిది థాలేట్లు. పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తగా, వంగేలా చేయడానికి కలిపే నూనెలాంటి రసాయనాలివి. ప్లాస్టిక్‌తో గట్టిగా బంధం లేకుండా ఊరికే కలిసి ఉండడం వల్ల వేడికీ కొవ్వుకూ ఇవి బయటికి వస్తాయి. వీటిలో డీఈహెచ్‌పీ అనే దాని మీద న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2018లో 55 నుంచి 64 ఏళ్ల వయసువారిలో ప్రపంచవ్యాప్తంగా 3,56,238 గుండె జబ్బు మరణాలకు ఈ రసాయనంతో సంబంధం ఉంది. అన్ని దేశాలలోనూ ఎక్కువ సంఖ్య భారతదేశానిదే: 1,03,587. ఇది లెక్కగట్టిన అంచనా మాత్రమేనని, ఆ మరణాలన్నిటికీ ఈ రసాయనమే కారణమని అర్థం కాదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. రెండవది ప్లాస్టిక్ రేణువులు. ఇటలీలో మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వును శస్త్రచికిత్స చేసి తీయించుకున్న 257 మందిని గమనించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, 150 మంది కొవ్వులో పాలిథీన్ రేణువులు కనిపించాయి. రేణువులు ఉన్నవారికి తర్వాతి మూడేళ్లలో గుండెపోటు గాని, పక్షవాతం గాని, మరణం గాని సంభవించే ముప్పు లేనివారి కన్నా నాలుగున్నర రెట్లు ఎక్కువగా ఉన్నది. ఆ రేణువులు ఏ దారిన శరీరంలోకి వెళ్లాయో ఆ అధ్యయనం చెప్పలేదు. అయితే మన కూర కవర్లలో ఎక్కువ భాగం తయారయ్యేదీ పాలిథీన్‌తోనే అన్న సంగతి నాకు ఉపేక్షించదగినదిగా అనిపించదు.

చేయవలసినది చాలా సులువు. బండి డిక్కీలో గాని, సంచిలో గాని ఎప్పుడూ ఒక స్టీలు క్యారేజీ ఉంచుకోండి. కూరలు, సాంబారు, టీ అందులోనే పోయించుకోండి. దుకాణదారు విసుక్కోడు, కవరు ఖర్చు అతనికే మిగులుతుంది. ఎప్పుడైనా కవరులో తేవలసి వస్తే, ఇంటికి రాగానే స్టీలు దబరలోకి వంపేయండి, కవరుతో సహా వేడి నీళ్లలో పెట్టి వెచ్చబెట్టకండి. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ డబ్బా పెట్టకండి. అది మైక్రోవేవ్‌కు పనికొస్తుందని అడుగున రాసి ఉంటే, డబ్బా కరిగిపోదని అర్థం చేసుకోవాలే తప్ప అందులోంచి ఏదీ దిగదని కాదు. నెల్లూరు చేపల పులుసు మరుసటి రోజుకు రుచి పెరుగుతుందని రాత్రంతా ఉంచుతాం గనుక, దానిని వండిన మట్టిచట్టిలోనే, లేదా స్టీలు గిన్నెలోనే ఉంచండి. చింతపండు పులుపు, నూనె, గంటల తరబడి నిల్వ అనే మూడూ కలిసే వంట అది. ఆవకాయకు గాజు సీసాను మించినది లేదు. జాడీ అయితే లోపలి మెరుగు పగుళ్లు లేకుండా చూసుకోండి. ఏడాది పాటు నూనెలో ఊరే పచ్చడికి పెరుగు డబ్బాలూ, ఐస్‌క్రీం డబ్బాలూ వద్దు.

పాత డబ్బాలన్నీ ఒక్కసారే పారేసి ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. వాటిలో కందిపప్పు, ఉప్మారవ్వ, ఎండుమిరపకాయలు పోసుకోవచ్చు, పొడి సరుకుతో భయం తక్కువ. అడుగున త్రికోణంలో 3 అని ఉంటే అది పీవీసీ. దానిని తిండికి వాడకండి.

ఈ పనిలో ఫలితం త్వరగా వస్తుంది. 2011లో అమెరికాలో ఐదు కుటుంబాలకు చెందిన 20 మందికి మూడు రోజుల పాటు ప్లాస్టిక్, డబ్బా సరుకులు తగలని తాజా వంట పెట్టి చూస్తే, వారి మూత్రంలో, కొన్ని గట్టి ప్లాస్టిక్‌ల తయారీలోనూ డబ్బాల లోపలి పూతలోనూ వాడే బిస్ఫినాల్ ఏ అనే రసాయనం 66 శాతం తగ్గింది, డీఈహెచ్‌పీ ఆనవాళ్లు సగానికి పైగా తగ్గాయి. శరీరం వీటిని గంటలలో, రోజులలో బయటికి పంపేస్తుంది. రోజూ మళ్లీ మళ్లీ లోపలికి పంపడమే మనం ఆపవలసినది.

నీళ్ల క్యాన్ల సంగతి

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉన్నందువల్ల చాలామంది ఇరవై లీటర్ల క్యాను నీళ్లే తాగుతున్నారు. క్యాను ప్లాస్టిక్ గనుక మళ్లీ బోరు నీళ్లకు మారదామని ఎవరూ అనుకోవద్దు. ఫ్లోరైడ్ ఎముకలకు చేసే హాని ఆ పల్లెల్లో కళ్లెదుట కనిపించేదే, దాని ముందు క్యాను వల్ల వచ్చే ముప్పు చిన్నది. గట్టిగా, నీలంగా, గాజులా కనిపించే క్యాన్లు చాలావరకు పాలికార్బొనేట్‌తో తయారవుతాయి, ఆ ప్లాస్టిక్‌కు ముడిసరుకే బిస్ఫినాల్ ఏ. కొరియాలో అరవై ఏళ్లు దాటిన 60 మందికి ఒకే సోయా పాలను ఒకసారి గాజు సీసాలోనూ, మరోసారి లోపల బిస్ఫినాల్ ఏ కలిసిన పూత ఉన్న డబ్బాలోనూ ఇచ్చి చూస్తే, డబ్బా పాలు తాగిన రోజున పై బీపీ సగటున నాలుగున్నర పాయింట్లు పెరిగిందని 2015లో ప్రచురించారు. ఎండ వేడికి ఈ రసాయనం ఎక్కువగా దిగుతుంది కాబట్టి, మే నెల ఎండలో ఆటో మీద తిరిగి వచ్చిన క్యానును అలాగే మూలన ఉంచకుండా, రాగానే నీళ్లను స్టీలు బిందెలోకో మట్టికుండలోకో పోసుకోండి. గీతలు పడి తెల్లబారిన పాత క్యాను ఇస్తే మార్చి ఇమ్మని అడగండి.

మూడవ పని: సీసాన్ని వెతికి పట్టుకోవడం

ప్లాస్టిక్ రసాయనాల్లా సీసం రోజులలో పోదు. ఎముకల్లో చేరి దశాబ్దాల పాటు కూర్చుంటుంది, అక్కడి నుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తూ బీపీని పెంచుతుంది, రక్తనాళాలను గట్టిపరుస్తుంది. 2019 సంవత్సరంలో సీసం వల్ల ప్రపంచంలో 55 లక్షల మంది పెద్దలు గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించి ఉంటారని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2023లో అంచనా వేశారు. చిన్నపిల్లల తెలివితేటలకు దానివల్ల కలిగే నష్టం గురించి అందరూ మాట్లాడతారు గాని, అరవై ఏళ్ల తాతగారి బీపీకి కూడా దానితో సంబంధం ఉండవచ్చని తలచేవారు తక్కువ.

వంటింట్లో మొదట చూడవలసినది ఇత్తడి గిన్నెల కళాయి. ఇత్తడి పాత్రల్లో వంట మళ్లీ వాడుకలోకి వస్తున్నది. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండితే చిలుము దిగుతుందని మన పెద్దలకు తెలుసు, అందుకే తగరంతో కళాయి పెట్టించేవారు. తగరం ఖరీదు ఎక్కువ, సీసం చవక. రెండూ చూడడానికి ఒకేలా మెరుస్తాయి. కాబట్టి కళాయి వేసే మనిషి ఎవరో తెలియనప్పుడు, తగరపు కడ్డీని మీరే నమ్మకమైన చోట కొని ఇచ్చి, ఎదుట కూర్చుని వేయించుకోండి. అది కుదరకపోతే ఆ గిన్నెలను పూజకూ నీళ్లకూ కాక, ఊరికే అలంకారానికి ఉంచి, పులుసు, రసం, మజ్జిగ స్టీలులో కాచుకోండి. పాత సామాను కరిగించి పోతపోసిన సత్తు గిన్నెలతో కూడా ఇదే చిక్కు. భారతదేశం నుంచి వెళ్లిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం (అల్యూమినియం మిశ్రమలోహం) పాత్రల నుంచి సీసం ఆహారంలోకి దిగుతోందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025లో హెచ్చరించింది. నెల్లూరు చిన్నబజారులో గాని, ఒంగోలులో గాని గిన్నె కొనేటప్పుడు తూకానికి పేరు లేకుండా అమ్మే పోత గిన్నె కన్నా, ముద్ర ఉన్న స్టీలు గిన్నె మేలు.

పసుపు విషయంలో, కళ్లు జిగేలుమనే పచ్చదనం కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగును కలిపిన సంఘటనలు మన దేశంలోనూ, బంగ్లాదేశ్‌లోనూ బయటపడ్డాయి. ముతకగా, మెరుగు పట్టని కొమ్ములు కొని మిల్లులో పట్టించుకోవడం మంచిది. చవక కుంకుమలో ఎర్రసీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, పసుపు, సున్నంతో తయారైనదే వాడండి.

సంక్రాంతికి ముందు తలుపులకూ కిటికీలకూ రంగులు వేయించేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. అంతకు ముందు వేసిన ఎనామిల్ పెయింటును పొడిగా గీకిస్తే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. నీళ్లతో తడిపి గీకించండి, దుమ్మును చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడిపించండి, ఆ రెండు రోజులు పిల్లలనూ, గర్భిణులనూ, గుండె జబ్బు ఉన్నవారినీ బంధువుల ఇంటికి పంపండి. పాత రంగును కరిగించే ద్రావకాలలో ఉండే మిథిలీన్ క్లోరైడ్ శరీరంలోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది గనుక, రక్తనాళాల్లో పూడికలు ఉన్నవారు ఆ వాసన తగిలే చోట అసలు ఉండకూడదు.

నాలుగవ పని: ఒక్కసారిగా ప్రాణం తీసేవాటిని ఇంట్లోంచి పంపించడం

స్నానాలగదిలో బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీదే యాసిడ్ పోయడం వల్ల ఇంకా శుభ్రమవుతుందని చాలామంది అనుకుంటారు. అవి రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ముందే బలహీనంగా ఉన్న గుండెకు ఆ ఉక్కిరిబిక్కిరి చాలా ప్రమాదం. ఒక రోజు ఒకటే వాడండి, మరొకటి వాడేది ఇంకో రోజు, అదీ బోలెడు నీళ్లు పోశాకే. గ్యాసు గీజరు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వెలువడవచ్చు కాబట్టి, అది స్నానాలగదిలో ఉంటే బయటి గోడకు మార్పించండి. మార్పించే వరకు బకెట్ నింపుకొని, గీజరు ఆపేసి, కిటికీ తీసి స్నానం చేయండి.

బియ్యపు బస్తాలకు పురుగు పట్టకుండా వేసే మాత్రల గురించి మరీ మరీ చెప్పాలి. పాత బియ్యం రుచి తెలిసిన నెల్లూరు ఇళ్లలో ఏడాదికి సరిపడా బస్తాలు నిల్వ చేయడం మామూలే. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్ర గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ వాయువును విడుస్తుంది. ఆ వాయువు గుండె కండరంలోని కణాలకు శక్తి పుట్టకుండా చేస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. శిక్షణ పొందినవారు గోదాముల్లో వాడవలసిన ఈ మందును మనుషులు పడుకునే ఇంట్లో ఒక్క మాత్ర కూడా వాడకూడదు, దాచకూడదు. బియ్యాన్ని ఎండబెట్టి, చల్లారాక గాలి చొరని డబ్బాలో పోసి, ఎండు వేపాకు, ఎండుమిరపకాయలు వేసుకోండి, ఒకేసారి ఏడాదికి కాక రెండు మూడు నెలలకు కొనుక్కోండి. ఇప్పటికే మాత్రల డబ్బా ఇంట్లో ఉంటే మూత తీయకండి, నీళ్లు తగలనీయకండి, కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.

థిన్నరు, వైట్‌నరు పిల్లలకు అందనీయకండి. వాటి ఆవిరిని కావాలని పీలిస్తే గుండె లయ తప్పి, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడైనా ఉన్నచోటనే కూలిపోవచ్చు. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా మంట మీద ఉంచకండి, పూత ఊడితే మార్చేయండి. రూం ఫ్రెషనర్లు తగ్గించుకుంటే చాలు.

డాక్టరుతో ఏం చెప్పాలి

బీపీ మందులు క్రమంగా వేసుకుంటున్నా అదుపులోకి రాకపోతే, లేదా ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని, రంగుల పని, పాత సామాను కరిగించే పని చేస్తుంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష అవసరమా అని అడగండి. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని, డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. విషాలను కడిగేస్తాయని చెప్పి అమ్మే పొడులు, రసాలు కొనకండి. వాటిలో కొన్నింటిలో ఆ లోహాలే ఉంటాయి.

పొగ గాని, వాయువు గాని పీల్చిన తర్వాత ఛాతీలో బిగువు, ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం కనిపిస్తే, ముందు మనిషిని బయటి గాలిలోకి తీసుకురండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ నొప్పేమోనని సోడా తాగించి చూస్తూ కూర్చోవద్దు. ఇలాంటి విషపు మందు ఏదైనా కడుపులోకి వెళ్లినట్లయితే ఉప్పునీళ్లతో వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. ఆ సీసా గాని, డబ్బా గాని మూత బిగించి వెంట తీసుకెళ్లి, ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు దాని మీది పేరు చూపించండి.